హాలు పరంధామయ్య

చికాగో పక్కనున్న నేపర్‌విల్ నుంచి పడమరగా ముప్పావు గంట కారులో వెళితే ఓక్‌బెండ్ అనే చిన్న ఊరు వస్తుంది. నది మీద వంతెన దిగగానే ఎడమ పక్క ఒక పాత థియేటరు కనిపిస్తుంది. ముఖద్వారం పైన బల్బుల వరసలో సగం వెలిగేవి కావు. వెలిగే సగాన్ని చూసి కూడా ఊళ్ళో కొందరు ముఖం తిప్పుకునేవారు. ఎందుకంటే వారాంతాల్లో అక్కడ ఆడవాళ్ళు ఈకల విసనకర్రలు పట్టుకుని, బ్యాండుకి అడుగులు వేస్తూ, మధ్యమధ్య జోకులు చెబుతూ, ఒంటి మీది బట్టలు ఒక్కొక్కటే తీసేవారు. దాన్ని అక్కడివాళ్ళు బర్లెస్క్ అంటారు. మన జాతర్లలో రికార్డింగ్ డాన్సులు చూసినవాళ్ళకి ఆ సంగతి కొంత అర్థమవుతుంది, కొంత అవదు.

ఆ హాలు యజమాని పరంధామయ్య. ఈ సంగతి ఊరి మునిసిపల్ ఆఫీసుకి తెలుసు, ఆడేవాళ్ళకి తెలుసు, ఆయన భార్య జ్ఞానప్రసూనకి తెలుసు. నేపర్‌విల్ తెలుగువాళ్ళకి మాత్రం ఆయన రియల్ ఎస్టేట్ ఏదో చూసుకునే రిటైర్డ్ ఇంజనీరు. కనీసం, వాళ్ళకి అంతవరకే తెలుసని ఆయన అనుకునేవాడు.

నిజానికి ఆయన ఏ రోజూ ఈ పనిలోకి దిగుదామని దిగలేదు. చదువు చికాగోలో, ఉద్యోగం పాత కట్టడాలు పరీక్షించే కంపెనీలో. కప్పు కింద నిలబడి తలెత్తి చూస్తే చాలు, ఏ దూలం అలిసిపోయిందో ఆయనకి తెలిసేది. ఈ థియేటరుని మొదట చూసింది కూడా ఆ పని మీదే. కూల్చడానికి సర్టిఫికెట్ ఇచ్చి రమ్మని కంపెనీ పంపిస్తే, ఈ కప్పుకి ఇంకా చాలా ఆయుష్షు ఉందని రాసిచ్చి వచ్చాడు. పైవాళ్ళకి కోపం వచ్చింది. ఆ తర్వాత మనుషుల్ని తగ్గించినప్పుడు మొదటి వరసలో ఈయన పేరే ఉంది. చేతికొచ్చిన డబ్బుతో, ఎవరూ కొనని ఆ హాలుని చవకగా ఆయనే కొన్నాడు.

కొన్నది తెలుగు సినిమాల కోసం. తొంభైల్లో ఆదివారం వచ్చిందంటే చుట్టుపక్కల తెలుగువాళ్ళంతా ఆ హాలు ముందే ఉండేవారు. జ్ఞానప్రసూన ఇంట్లో పొద్దుటి నుంచీ సమోసాలు వేయించి తెచ్చేది. జనం కబుర్లు ఎంతకీ తెగవు కాబట్టి ఇంటర్వెల్ పావుగంట అని రాసి ముప్పావుగంట ఇచ్చేవారు. పిల్లలు స్టేజీ మీదికెక్కి తెర ముందు గెంతేవారు. అప్పట్లో ఆయన్ని అందరూ హాలు పరంధామయ్య అనేవారు. ఆ పిలుపు ఆయనకి ఇంజనీరు అన్నదానికంటే బాగుండేది.

తర్వాత పెద్ద మల్టీప్లెక్సుల్లో తెలుగు సినిమాలు పడ్డాయి. మెత్తటి కుర్చీలు, నేపర్‌విల్ దాటక్కర్లేదు. ఒక ఆదివారం హాల్లో తామిద్దరూ, చల్లారిన సమోసాలూ మిగిలాక, ఇక చాలనుకున్నారు.

అప్పుడొచ్చింది లొరైన్. చికాగోలో ఒక డాన్సు బృందం నడిపేది. అక్కడ అద్దె పెరిగి రోడ్డున పడ్డారు. ఏం ఆడతారని పరంధామయ్య అడిగితే, "పాడతాం, నవ్విస్తాం, కొన్ని బట్టలు తీస్తాం. కొన్నే తీస్తాం గానీ చాలాసేపు తీస్తాం" అందట. ఆయనకి నవ్వొచ్చింది. వేరే ఎవరైనా దొరికేదాకా అనుకుని వారాంతాలు అద్దెకిచ్చాడు. వాళ్ళకి అద్దె కట్టడం కష్టమై, అద్దె బదులు వాటా అన్నారు. సరేనన్నాడు. లైట్లు వేసే మనిషి మానేసి వెళ్ళిపోతే, కొత్తవాడు దొరికేదాకా తనే పైనున్న ప్రొజెక్టర్ గదిలోకి ఎక్కాడు. కొత్తవాడు ఎప్పుడూ దొరకలేదు. ఇలా ఒక్కొక్క మెట్టూ దిగుతూ, తిరిగి చూసుకునేసరికి పెద్దలకు మాత్రమే అని రాసున్న లైసెన్సు మీద తన పేరుంది.

కానీ ఆ పనిలో ఆయనకొక నేర్పు పట్టుబడింది. పాత తెలుగు సినిమాల్లో నాయికా నాయకులు దగ్గరవగానే కెమెరా పక్కకి తిరిగి రెండు పూలు ఊగడం చూపిస్తుంది కదా. పరంధామయ్య ఆ పూలు చూస్తూ పెరిగినవాడు. అందుకే డాన్సు చివర, ఆఖరి గుడ్డ చేతిలోంచి జారబోయే ఒక్క క్షణం ముందు, ఆయన లైటు ఆపేసేవాడు. మొదటిసారి లొరైన్ పోట్లాటకొచ్చింది. డబ్బిచ్చి వచ్చినవాళ్ళు చూడకుండానే ఆపేస్తావేమిటంది. అంతలో చీకట్లోంచి జనం ఈలలు, కేకలు, చప్పట్లు. మర్నాడు వాళ్ళే మళ్ళీ వచ్చారు. ఆ మాట పాకి చికాగో నుంచి కూడా జనం వచ్చేవారు. తీసేది అమ్మాయిలే అయినా ఆపేది పరం అని లొరైన్ అందరితో చెప్పేది. ఆయన పేరు మొత్తం ఆమె నోటికి ఎప్పుడూ పట్టలేదు.

జ్ఞానప్రసూన మొదట్లో నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత, "మా ఊళ్ళో రికార్డింగ్ డాన్సులొస్తే మా నాన్న తలుపులన్నీ వేయించేవాడు. ఆయన తలుపులు వేయించింది ఇలాంటివాడి కోసమేనన్నమాట" అని ఒక పోటు పొడిచింది. ఆ పైన ఒకసారి డాన్సు అమ్మాయికి జ్వరమొస్తే మిరియాల చారు పంపింది. దాంతో గిన్నెలు అటూ ఇటూ తిరగడం మొదలైంది. ఆమె ఎన్నడూ ఆ చోటుని పేరు పెట్టి పిలవలేదు. 'హాలుకెళ్ళారు' అనేది, అంతే.

బయటివాళ్ళకి మాత్రం హాలు అమ్మేశానని ఆయనే చెప్పాడు. ఎవరో పెళ్ళి విందులో, సినిమాలు ఆపేశారేమని అడిగితే నోటికొచ్చిన మాట అది. ఎంతకమ్మారు, ఎవరికమ్మారు అని మనవాళ్ళు ఆరా తీయడం మామూలు. చిత్రంగా ఆ రోజు ఎవరూ ఆరా తీయలేదు. సాంబారు బాగుందన్నారు. బతికిపోయాననుకున్నాడాయన. కాలిఫోర్నియా శాన్ రామన్‌లో ఉన్న కూతురు మేధ కూడా స్నేహితులతో నాన్నది రియల్ ఎస్టేట్ అనే చెప్పుకుంది.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఆయనకి డెబ్భై దాటాయి. జనం ఇంట్లో కూర్చుని ఫోన్లోనే అన్నీ చూసుకునే రోజులొచ్చాయి, హాలు సగమే నిండేది. అయినా నడిచేది. పన్నెండు మంది దాని మీద బతికేవారు. లొరైన్ డాన్సు మానేసి బృందాన్ని చూసుకునేది. హాలు పోతే మరో చోట ఈ వయసులో తనని లైటు గదిలోకి రానిచ్చేవాళ్ళు లేరని ఆయనకి తెలుసు. ఇల్లు గడవక కాదు. వారాంతం అనగానే ఎక్కడికో వెళ్ళవలసిన మనిషిగా ఉండటం, అదొక్కటే ఆయనకి మిగిలింది.

ఆ ఏడు ఓక్‌బెండ్ కౌన్సిల్ ఒక నిబంధన పెట్టింది. ఇలాంటి హాలుకి వెయ్యి అడుగుల లోపల బడిగానీ ప్రార్థనా స్థలంగానీ వస్తే లైసెన్సు రెన్యూ చేయరు. ముందు నుంచీ ఉన్న హాలుకైనా అంతే. లాయరు కంగారు పడొద్దన్నాడు. చుట్టుపక్కల చర్చీ లేదు, బడీ లేదు. ఒకవేళ ఎవరైనా వస్తామంటే కౌన్సిల్‌లో హియరింగ్ పెట్టి అందరి మాటా వింటారు, అప్పుడు మీరు లేచి అభ్యంతరం చెప్పండి, వాళ్ళని వేరే చోటు చూసుకోమంటారు, మీరు చెప్పకపోతే మాత్రం మీకు ఇష్టమైనట్టే లెక్క, అన్నాడు. పరంధామయ్య ధైర్యంగా ఇంటికొచ్చాడు. ఓక్‌బెండ్‌లో కొత్తగా చర్చి కట్టేదెవరు?

రెండు నెలల తర్వాత శశికాంత్ ఫోన్ చేశాడు. వరంగల్ కుర్రాడు, కుర్రాడంటే నలభై ఐదేళ్ళవాడు, గుడి కమిటీ సెక్రటరీ. అద్దె గదుల్లో నడుస్తున్న గుడికి సొంత చోటు కోసం, నేపర్‌విల్‌లో స్థలం ధరలు అందక, చాలాకాలంగా వెతుకుతున్నారు. ఒక మూతపడ్డ ఫర్నిచర్ షోరూము దొరికిందన్నాడు. "బిల్డింగ్ మంచిగనే కనిపిస్తుంది అంకుల్. కానీ రూఫ్ మీరొకసారి చూసి చెప్తేనే ఆఫర్ ఇస్తం. వేరే ఇంజనీర్లు ఏమేమో చెప్తరు, మీరైతే ఉన్నదే చెప్తరు." ఎక్కడ అని అడిగాడు పరంధామయ్య. ఓక్‌బెండ్ అన్నాడు శశికాంత్. హాలు వెనక వీధి.

ఆ శనివారం శశికాంత్ కారులోనే వెళ్ళారు. షోరూములో శశికాంత్ నిచ్చెన వేసి పట్టుకున్నాడు. పరంధామయ్య ఎక్కి పైపలకలు తీసి దూలాలు తట్టి చూశాడు. ఉత్తరం మూల కొంచెం చెమ్మ ఉంది. ఆ చెమ్మని చూస్తూ ఆయన చాలాసేపు నిచ్చెన మీదే నిలబడిపోయాడు. దాన్ని పెద్దది చేసి చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. నీళ్ళు దిగాయి, దూలం కుళ్ళింది, ఈ బేరం వద్దు. తన మాట దాటి ఎవరూ పైకెక్కి చూడరు. గుడి ఇంకో ఊళ్ళో వెలుస్తుంది. దేవుడికి ఏ ఊరైనా ఒకటే.

కింద నుంచి శశికాంత్ అడిగాడు. "ఎట్లుంది అంకుల్?"

"బాగుంది" అన్నాడు పరంధామయ్య. "ఉత్తరం మూల ఒక షీట్ మారిస్తే సరిపోతుంది. గట్టి కప్పు."

అబద్ధం చెప్పలేకపోయినందుకు ఆయనకి గర్వమేమీ కలగలేదు. ఎప్పుడో కూల్చివేతకి సంతకం పెట్టలేకపోయిన చెయ్యే ఇప్పుడు దూలాన్ని తట్టింది. దాని మీద ఆయనకి పెత్తనం లేదు, అంతే.

తిరిగి వచ్చేటప్పుడు శశికాంత్ వంతెన వైపు నేరుగా పోకుండా కారుని హాలు ముందు నుంచి పోనిచ్చాడు. పోనిచ్చి, బాగా స్లో చేశాడు. ముందు బోర్డు మీద ఈకల విసనకర్ర పట్టుకున్న అమ్మాయి బొమ్మ. "ఇక్కడ ఈ థియేటర్ ఒకటుంది గదా అంకుల్" అన్నాడు శశికాంత్, స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ. వెనకాల కారు హారన్ కొట్టినా కదల్లేదు.

పరంధామయ్య గొంతు దాకా మాట వచ్చింది. నాదే బాబూ. నాదే, గుడి వస్తే అది పోతుంది. కానీ ఆ మాట అన్నాక ఈ కారులో నేపర్‌విల్ దాకా ఎలా కూర్చోవడం? ఆ అబ్బాయి ఏమనాలి పాపం? వాళ్ళావిడ రేణు ప్రతి పండక్కీ వచ్చి ఈయన కాళ్ళకి దణ్ణం పెడుతుంది. రేపటి నుంచి పెట్టాలా వద్దా? "ఆఁ, పాతది" అన్నాడు. అని, గుడికి పార్కింగ్ ఎలా వేయాలో చెప్పడం మొదలుపెట్టాడు. శశికాంత్ ఒక క్షణం ఆగి కారు పోనిచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి జ్ఞానప్రసూన చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. జరిగింది విని, చెప్పారా అని అడిగింది.

"ఏమని చెప్పను?"

"ఏముందీ. అక్కడ నాకు హాలుంది, ఇంకోచోటు చూసుకోండయ్యా అని."

"నువ్వు చెప్పు ప్రసూనా. ఆదివారం గుడి వంటింట్లో పులిహోర కలుపుతావుగా, అప్పుడు చెప్పు."

చిక్కుళ్ళు అయిపోయాక ఆమె ఉత్త గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. "గుడికి సొంత చోటు దొరికితే వారం వారం నేనే ప్రసాదం చేస్తానని మాటిచ్చాను, అది ఓక్‌బెండ్ అని తెలియక" అంది చివరికి. తప్పు తనదన్నట్టు.

హియరింగ్ నోటీసు హాలుకి పోస్టులో వచ్చింది. లొరైన్ చదివి పైకి, లైటు గదిలోకి, ఎక్కి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఆమె ఆ మెట్లెక్కి చాలా ఏళ్ళయింది. తను మాట్లాడతానంది, అమ్మాయిలందర్నీ తీసుకొస్తానంది. పరంధామయ్య వద్దన్నాడు. ఈకలవాళ్ళంతా వచ్చి దేవుడి గుడి వద్దంటే ఎలా ఉంటుంది, గుడివాళ్ళు ఏమనుకుంటారు, అన్నాడు.

లొరైన్ అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. "ఒక్క మాట చెప్పు పరం. ఇన్నేళ్ళూ వాళ్ళు నీ వాళ్ళా, మేమా?"

వాళ్ళతో ఎలా ఉండాలో నేర్చుకోకుండానే వచ్చింది, వీళ్ళతో ఎలా ఉండాలో నేర్చుకున్నాడు, రెండూ తనవే, అని ఆయనకి చెప్పాలనిపించింది. ఇంగ్లీషులో ఆ వాక్యం కుదరలేదు. చివరికి, తను వెళ్ళి మర్యాదగా చెప్పి వస్తానని ఒప్పుకున్నాడు.

హియరింగ్ రోజు సూటు వేసుకుని మునిసిపల్ ఆఫీసు దాకా వెళ్ళాడు కూడా. పార్కింగ్‌లో తెలిసిన కార్లన్నీ ఉన్నాయి. పట్టుచీరల్లో ఆడవాళ్ళు దిగుతున్నారు, ఎవరి చేతిలోనో స్వీట్ల డబ్బా. కౌన్సిల్ వాళ్ళకి పంచడానికి కాబోలు. ఆయన కారు దిగలేదు. అద్దాలు ఎత్తుకుని, ఇంజన్ ఆపుకుని, వాళ్ళంతా లోపలికి వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాడు. వాళ్ళు వెళ్ళాక, మొదలైపోయిందిగా, మధ్యలో ఎలా వెళ్ళడం అనుకున్నాడు. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని లోపల అడిగినప్పుడు, వెనక వరసలో కూర్చున్న లొరైన్ తలుపు వైపు చూసిందట. ఇంకా చూస్తూనే ఉందట, వాళ్ళు తర్వాతి అంశంలోకి వెళ్ళిపోయాక కూడా. ఈ సంగతి ఆమె ఆయనతో కోపంగా చెప్పలేదు. అదే ఆయనకి కష్టంగా ఉంది.

గుడి పని మొదలైంది. హాలు లైసెన్సు ఆ చలికాలంతో ముగిసింది. ఆఖరి ఆట ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకున్నారు, ఒకప్పుడు తెలుగు సినిమా వేసే వేళకే. చివర్లో లొరైన్ తనే స్టేజీ మీదికొచ్చింది. నల్ల గౌను, మోచేతుల పైదాకా తొడుగులు. అరవై ఐదేళ్ళ మనిషి. ఇంకేమీ తీయలేదు, ఎడమ చేతి తొడుగు ఒక్కటే, వేలి తర్వాత వేలు లాగుతూ, పాట మొత్తం తీసింది. జనం ఊపిరి బిగబట్టారు. తొడుగు చివరి వేలు దగ్గరికొచ్చింది. ఇక్కడ లైటు పోవాలి.

పరంధామయ్య చెయ్యి మీట మీదే ఉంది. అది కిందికి రాలేదు. తొడుగు జారి నేల మీద పడింది. ముడతల చెయ్యి వెలుగులో అలా బయటపడి నిలబడింది. బ్యాండు మళ్ళీ అదే ముక్క వాయించింది, మళ్ళీ వాయించింది. లొరైన్ తలెత్తి గది వైపు చూసింది.

"ఆపు, పరం" అంది, మెల్లగానే. హాలంతా వినిపించింది.

ఆయన ఆపాడు.

బృందం తలో దిక్కూ అయింది. లొరైన్ చెల్లెలి దగ్గరికి ఇండియానా వెళ్ళిపోయింది. హాలు అమ్మకానికి ఒక బ్రోకర్ కుర్రవాడికి అప్పజెప్పి, పరంధామయ్య ఇంట్లో కూర్చున్నాడు. శనివారం వస్తే చొక్కా మార్చుకుని, కారు తాళాలు చేతిలోకి తీసుకుని, మళ్ళీ మేకుకి తగిలించేవాడు. జ్ఞానప్రసూన చూసీ చూడనట్టు కాఫీ తెచ్చిచ్చేది.

ఎండాకాలంలో మళ్ళీ శశికాంత్ ఫోన్. గుడి పక్క మీటింగ్ హాలుకి కుర్చీలు కావాలి. వెనక వీధి థియేటర్‌లో కుర్చీలు అమ్మకానికి పెట్టారట. "ఒక్కసారి మీరొచ్చి చూస్తరా అంకుల్, పనికొస్తయో లేవో." రానని చెప్పడానికి ఏ కారణమూ దొరక్క పరంధామయ్య వెళ్ళాడు. తన హాలు తనే చూడ్డానికి.

బ్రోకర్ కుర్రవాడు ఈయన్ని చూసి పలకరించబోతే, కళ్ళతోనే వద్దని బతిమాలాడు. లోపల కటిక చీకటి. కుర్రవాడు ఫోన్ లైటు వేసి గోడలు తడుముతున్నాడు, స్విచ్చు ఎక్కడుందో తెలియడం లేదు. అది గోడల మీద ఉండదు. మొదటి యజమాని ఎవరో పిచ్చివాడు దాన్ని స్టేజీ తెర వెనక మోకాలెత్తులో పెట్టించాడు. అక్కడికి పోవాలంటే వాలు నేల దిగి, పక్క మెట్లెక్కి, తాళ్ళు దాటాలి. పరంధామయ్య ఆలోచించనే లేదు. చీకట్లో నడిచి వెళ్ళిపోయాడు. ఎక్కడా తడబడలేదు, ఏదీ తగల్లేదు. హాలంతా లైట్లు వెలిగాయి.

స్టేజీ మీద ఆయన. కింద, నడవా మధ్యలో శశికాంత్.

శశికాంత్ దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. "మాకు తెల్వదా అంకుల్" అన్నాడు. "పాతోళ్ళకే కాదు, ఇక్కడికి కొత్తగ వచ్చినోళ్ళకి గూడ తెలుసు. అందరు మిమ్మల్ని హాలు అంకుల్ అనే అంటరు, మీ ముంగట తప్ప."

పరంధామయ్య స్టేజీ అంచు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. "తెలిసే నన్ను కప్పు చూడమన్నావా?"

"మరెట్ల అడగాలె? అంకుల్, మీ హాలు పోతది, పర్లేదా అని మొహం మీద అడుగుతమా? చూడ్డానికి పిలిస్తే మీరే అంటరనుకున్నం. రూఫ్ బాగలేదని ఒక్క మాట అంటే చాలు, వేరే బిల్డింగ్ జూసి పెట్టుకున్నం గూడ. మీరు బాగుందన్నరు. హాలు ముంగట కారాపిన. పార్కింగ్ గురించి చెప్పిన్రు." అతను తల దించుకున్నాడు. "మీకే ఇష్టమేమో, మీరే వదిలించుకుంటున్నరేమో అనుకున్నం."

"అడగాల్సింది, శశీ."

"మీరు చెప్పాల్సింది, అంకుల్."

పరంధామయ్యకి కోపం తెచ్చుకుందామనిపించింది. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. ఈ అబ్బాయి మీద కుదరదు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. పెళ్ళి విందులో సాంబారు బాగుందన్న వాళ్ళందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఆ రోజు తను తప్పించుకున్నాననుకున్నాడు. వాళ్ళు తప్పించారు. తనని నొప్పించకుండా ఇన్నేళ్ళు జాగ్రత్తగా మోశారు, అదే జాగ్రత్తతో తెచ్చి ఇక్కడ దింపారు.

లొరైన్ అయితే మొదటి రోజే అడిగేసేది. అడిగింది కూడా.

వెనక వీధిలో గుడి గంట మోగింది. బ్రోకర్ కుర్రవాడు తలుపు దగ్గర నిలబడి తెలుగు అర్థంకాక అటూ ఇటూ చూస్తున్నాడు. శశికాంత్ ముఖం తుడుచుకుని, వచ్చిన పని గుర్తుతెచ్చుకున్నవాడిలా, చేతికింద కుర్చీని అటూ ఇటూ ఊపి చూశాడు.

"కుర్చీలు ఎట్లున్నయి అంకుల్?" అన్నాడు.

"బాగున్నాయి" అన్నాడు పరంధామయ్య. తర్వాత, హాలు అమ్మేశానని చెప్పుకున్నాక మొదటిసారి తనవాళ్ళతో హాలు గురించి ఒక నిజం చెప్పాడు. "మూడో వరసలో గోడ పక్కది మాత్రం తీసుకోకు. కూర్చుంటే కిర్రుమంటుంది. ఎన్నిసార్లు బిగించినా అంతే."

శశికాంత్ తలూపాడు. కుర్రవాడు ఇంక వెళదామా అన్నట్టు వాచీ చూసుకున్నాడు. లైట్లు ఎవరో ఒకరు ఆపాలి. శశికాంత్ తన ఫోన్ లైటు వేసి పట్టుకోబోతే, అక్కర్లేదు, మీరు ముందు బయటికి నడవండి అని, పరంధామయ్య తెర వెనక్కి వెళ్ళాడు.